ఆసు పోసిన చేతికి కూలి ఏదీ?

పట్టుచీర కట్టుకుని పేరంటానికి వెళ్తే 'ఎక్కడ కొన్నావు, ఎంతకిచ్చాడు?' అని అడిగేవాళ్ళు బోలెడు మంది. 'ఎవరు నేశారు?' అని అడిగేవాళ్ళే అరుదు. ఒకవేళ అడిగినా 'ఫలానా ఊరి నేతగాడు' అన్న జవాబే వస్తుంది. ఆ నేతగాడి తల్లి, భార్య, కూతురు ఆ మాటలో ఎక్కడా కనబడరు.

పోచంపల్లి చీర సంగతే చూడండి. ఆ ఊళ్ళోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ మగ్గం ఉన్న ఇల్లే ఓ చిన్న ఫ్యాక్టరీ. ఇంటిల్లిపాదీ పనివాళ్ళే. అక్కడ డిజైను మగ్గం మీద పుట్టదు, పోగు మీదే పుడుతుంది. పట్టుపోగుల్ని కొలిచి, చిటికీలు కట్టి, కట్టినచోట అంటకుండా రంగులో ముంచి, ఆరబెట్టి విప్పుతారు. ఇంకో రంగు కావాలంటే మళ్ళీ కట్టి మళ్ళీ ముంచుతారు. ఆ తర్వాతే నేత.

వీటన్నిటికంటే ముందుది ఆసు పోయడం. అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల చుట్టూ పోగును తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు ఆడాలి. తరతరాలుగా ఈ పని ఆడవాళ్ళదే. వంట, పిల్లలు, నీళ్ళు అన్నీ అయ్యాక ఆసు. భుజం లాగేసినా, చూపు మందగించినా మర్నాడు మళ్ళీ ఆసే.

ఆలేరు దగ్గర పల్లెలో పుట్టి, చదువు మధ్యలోనే ఆగిపోయిన చింతకింది మల్లేశం తన తల్లి భుజం నొప్పి చూడలేక 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మి ఆసు యంత్రమని. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన కథ సినిమాగానూ వచ్చింది. ఎంతోమంది తల్లుల భుజాలకు విశ్రాంతి దొరికింది. నాకు మాత్రం ఒక ప్రశ్న మిగిలింది. నొప్పి తగ్గించే యంత్రమైతే వచ్చింది, ఆ పనికి విలువ కట్టే లెక్క ఎప్పుడొస్తుంది?

ఎందుకంటే కూలి చీరకింతని కడతారు. అది మగ్గం మీద కూర్చున్నవాడి చేతికే వెళ్తుంది. కండెలు చుట్టినామె, ఆసు పోసినామె, చిటికి కట్టినామె అందులోనే కలిసిపోతారు. 'ఏం చేస్తుంటావమ్మా?' అంటే ఆమె కూడా మనలాగే 'ఏముందండీ, ఇంట్లోనే' అంటుంది! 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత పనివాళ్ళు 35 లక్షల పైచిలుకు. వాళ్ళలో నూటికి 72 మంది ఆడవాళ్ళే. చేనేత అంటే మగవాడి వృత్తి అని ఇంకా ఎలా అనుకుంటాం?

'ఆ ధరలు మనవల్ల అయ్యేవా?' అని మీరనవచ్చు. నిజమే, నెల జీతంతో ఇల్లు నడిపేవాళ్ళకు పట్టుచీర బరువే. మరమగ్గం చీర కట్టుకోవడం తప్పని నేననను. దానికి పోచంపల్లి పేరు తగిలించి అమ్మడమే తప్పు. కొన్ని రకాల చీరల్ని చేమగ్గానికే కేటాయిస్తూ 1985లోనే చట్టం వచ్చినా నకిలీలు ఆగలేదు. నకిలీ చీర అమ్ముడుపోయిన ప్రతిసారీ నష్టపోయే ఇంట్లో ఒక ఆసు పోసే ఆడది ఉంటుంది.

అందుకే కొనేటప్పుడు చీర తిరగేసి చూడండి. పోగుకే రంగు అద్దిన చీర రెండువైపులా ఒకేలా ఉంటుంది. అచ్చువేసినది వెనక వెలవెలబోతుంది. సిల్క్ మార్క్, చేనేత మార్క్ అడగండి. అంచు పోగొకటి కాల్చి చూస్తే పట్టు జుట్టు కాలిన వాసనేసి పొడి అవుతుంది, పాలిస్టర్ కరిగి ముద్దకడుతుంది.

ఇక ప్రభుత్వాలూ సహకార సంఘాలూ చేయాల్సింది ఒకటుంది. సభ్యత్వం, గుర్తింపు కార్డు, కూలి డబ్బు ఆమె పేరున కూడా ఉండాలి. కూలి చిట్టాలో ఆసుకు, కండెకు, చిటికికి విడిగా ఓ గడి ఉండాలి. ఇంటిపనికి లెక్కలేదని రోజూ బాధపడే మనం కాకపోతే ఈ మాట ఇంకెవరు అడుగుతారు?