పాసు గ్యారంటీ కోర్సులూ, మన అమీర్‌పేట బుద్ధులూ

అమెరికాలో మనవాళ్ళు నలుగురు చేరితే ఇళ్ళ ధరలు, వీసాల తర్వాత ఈ మధ్య ఇంకో ప్రశ్న కూడా వస్తోంది. "పీఈకి ఏ కోచింగ్ మంచిది?" అడిగేది సివిలో, ఎలక్ట్రికలో చదివి ఇక్కడ ప్రొఫెషనల్ ఇంజనీర్ లైసెన్సు కోసం కుస్తీ పడుతున్నవాళ్ళు. సలహా ఇచ్చేది మాత్రం మనం, అంటే సాఫ్టువేరు వాళ్ళం! మన పేరుతో ఆ పరీక్షే లేదిప్పుడు. 2013లో సాఫ్టువేరు ఇంజనీరింగ్ పీఈ అని ఒకటి మొదలుపెట్టారు. 2018లో లెక్క చూసుకుంటే ఐదు విడతల్లో కలిపి రాసినవాళ్ళు 81 మంది. 2019 ఏప్రిల్‌తో దుకాణం కట్టేశారు.

అయినా సలహాకేం తక్కువ? "ఫలానా దాంట్లో పాస్ పర్సెంటేజీ బాగా ఎక్కువట, పైగా గ్యారంటీ కూడానట, కట్టెయ్." కట్టేది వెయ్యి డాలర్ల పైమాటే, పరీక్ష ఫీజు దీనికి అదనం. ఇంతకంటే పనికిమాలిన సలహా ఇంకోటి లేదని నా వాదన.

ముందు పర్సెంటేజీ సంగతి. పరీక్ష పెట్టేది ఎన్‌సీఈఈఎస్ అనే కౌన్సిల్. మొదటిసారి రాసినవాళ్ళలో ఎంతమంది పాసయ్యారు, మళ్ళీ రాసినవాళ్ళలో ఎంతమంది అనేది అదే ప్రకటిస్తుంది. కానీ ఏ కోచింగ్ వాళ్ళకి ఎంత అని అది చెప్పదు. మరి ఈ సంస్థల అంకెలు ఎక్కణ్ణించి వచ్చాయి? విద్యార్థులు చెబితే వచ్చాయి. పాసైనవాడు అడక్కుండానే చెబుతాడు, పోయినవాడు ఫోనెత్తడు. "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు" అంటూ టీవీలో ర్యాంకులు అరిచే ఇంటర్ కాలేజీల ప్రకటనలు చూసి పెరిగినవాళ్ళం. మనకి కూడా ఈ లెక్క విడమరిచి చెప్పాలా?

ఇక గ్యారంటీ. కింద చిన్న అక్షరాలు చదవండి. ఇన్ని క్లాసులు తప్పకుండా వినాలి, హోంవర్కు ఇవ్వాలి, ఫలానా గడువులోగా పరీక్ష రాయాలి, ఫెయిలైన కాగితం చూపించాలి. అన్నీ చేస్తే చాలాచోట్ల దక్కేది డబ్బు కాదు, అదే కోర్సు ఇంకోసారి! సాంబారు బాలేదంటే అదే సాంబారు ఇంకో గిన్నెడు పోసినట్టు.

మరేం చెయ్యాలి? మన వృత్తిలో రోజూ చెప్పుకునేదే. ముందు స్పెసిఫికేషన్ చదవాలి, తర్వాత టూలు కొనాలి. ఏ అంశం నుంచి సుమారు ఎన్ని ప్రశ్నలొస్తాయో కౌన్సిల్ వాళ్ళే ఊరికే ఇస్తారు. రిఫరెన్స్ హ్యాండ్‌బుక్ పీడీఎఫ్ కూడా ఉచితమే. పరీక్షలో తెరమీద కనబడేది ఆ హ్యాండ్‌బుక్కూ, వాళ్ళిచ్చే కోడ్ పుస్తకాలే, మన పుస్తకాలు గుమ్మం దాటవు. సివిల్ పీఈకి 2021 దాకా జనం సూట్‌కేసుల్లో పుస్తకాలు మోసుకెళ్ళేవారు. 2022 జనవరి నుంచి అది కంప్యూటర్ మీదకి మారింది. 2024 ఏప్రిల్ నుంచి పొద్దున అన్ని సబ్జెక్టులు, మధ్యాహ్నం సొంత సబ్జెక్టు అనే పాత పద్ధతి కూడా పోయింది. ఇప్పటికీ ఆ పాత ప్రణాళికతోనే పాఠాలు అమ్ముతున్నవాళ్ళకి మీ డబ్బు ఎందుకివ్వాలి?

తర్వాత పని, కౌన్సిల్ అమ్మే ప్రాక్టీస్ పరీక్ష. ఒక శనివారం ఫోను పక్కన పడేసి, తెరమీద హ్యాండ్‌బుక్, చేతిలో అనుమతి ఉన్న క్యాలిక్యులేటర్ పెట్టుకుని కూర్చోవాలి. మనం ఇంజనీరింగులో వాడిన క్యాసియో ఎఫ్‌ఎక్స్-991 అనుమతి జాబితాలో ఉంది. 80 ప్రశ్నలు, 8 గంటలు, అంటే ప్రశ్నకి 6 నిమిషాలు. అయ్యాక తప్పుల్ని మూడు కుప్పలు పొయ్యండి. అసలు తెలియనివి, తెలిసీ హ్యాండ్‌బుక్‌లో ఎక్కడుందో దొరకనివి, తెలిసీ టైము చాలనివి. మొదటి కుప్పకే మాస్టారు కావాలి. మిగతా రెండింటికీ కావల్సింది అభ్యాసం, దాన్ని మీ బదులు ఇంకొకరు చెయ్యలేరు. ఒక్క జియోటెక్నికల్‌లోనే బోర్లా పడితే ఆ ఒక్కటీ చెప్పేవాళ్ళని వెతుక్కోవాలి గానీ మొత్తం కోర్సు దేనికి?

"చెప్పడం తేలికే, పిల్లలు, ఆఫీసు, కాలేజీ వదిలి పదిహేనేళ్ళు, ఒంటరిగా కూర్చుంటే చదువు సాగుతుందా?" అంటారు. నిజమే, ఒప్పుకుంటాను. కోర్సు అమ్మే అసలు సరుకు పాఠం కాదు, టైంటేబులు. అది కావల్సినవాళ్ళు నిక్షేపంగా కొనుక్కోవచ్చు. కానీ అప్పుడు అడగాల్సినవి వేరు. లైవ్ క్లాసు మన టైముకి కుదురుతుందా? సందేహం పంపితే జవాబు ఎన్నాళ్ళకొస్తుంది, ఎవరిస్తారు? మాస్టారు హ్యాండ్‌బుక్ తెరమీద తెరిచి లెక్క చేస్తాడా, తన నోట్సులోంచి చేస్తాడా? డబ్బు కట్టకముందు ఒక్క క్లాసు చూడనిస్తారా?

కొందరు మహానుభావులు "డంప్స్ దొరుకుతాయా?" అని కూడా అడుగుతారు. మన సర్టిఫికేషన్ల పుణ్యమా అని అబ్బిన రోగమిది. ఇక్కడ ప్రశ్నలు బయటపెట్టనని ఒప్పుకున్నాకే పరీక్ష మొదలవుతుంది. మాట తప్పితే ఫలితం రద్దు చేసే హక్కు వాళ్ళకుంది.

ఇంత పట్టింపు ఊరికే రాలేదు. 1937లో టెక్సాస్‌లోని న్యూ లండన్ బడిలో గ్యాస్ లీకై పేలితే మూడొందల మంది దాకా పోయారు, ఎక్కువమంది పిల్లలే. ఆ ఏడాదే ఆ రాష్ట్రం ఇంజనీర్లకి లైసెన్సు చట్టం తెచ్చింది. 1981లో కాన్సస్ సిటీలో హోటల్ నడకవంతెనలు కూలి 114 మంది చనిపోయారు. ఇద్దరు ఇంజనీర్లు మిస్సోరీలో లైసెన్సు పోగొట్టుకున్నారు. మన కోడ్ తప్పయితే రాత్రికి రాత్రి వెనక్కి తీసుకుంటాం. స్లాబుకి రోల్‌బ్యాక్ ఉండదు.

కాబట్టి ఈసారి ఎవరైనా "ఏ కోచింగ్ మంచిది?" అంటే పేరు చెప్పకండి. "ప్రాక్టీస్ పరీక్ష రాశావా? ఏ కుప్ప పెద్దది?" అని అడగండి. జవాబు లేకపోతే కార్డు జేబులోనే ఉంచుకోమనండి.