పూచీకత్తు లేని బాల్యం

ఒకే దొంగతనం కేసులో ఇద్దరు పదహారేళ్ల పిల్లలు పట్టుబడ్డారనుకుందాం. ఒకరి తండ్రి సాయంత్రానికల్లా న్యాయవాదిని వెంటబెట్టుకుని వస్తాడు. మరొకరి తల్లి పొరుగు జిల్లాలో ఇటుక బట్టీ పనిలో ఉంటుంది. కబురు అందేసరికే రెండు రోజులు గడుస్తాయి. మొదటివాడు ఇంటికి చేరతాడు, రెండోవాడు పరిశీలన గృహంలో మిగులుతాడు. ఈ తేడాను నిర్ణయించింది నేర తీవ్రత కాదు. కుటుంబ స్తోమత, దాని వెనుక తరతరాలుగా నిలిచిన కులం.

చట్టం ఈ అన్యాయాన్ని ఆమోదించదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం నిర్బంధాన్ని చివరి మార్గంగానే చూస్తుంది. బెయిలు షరతులను ఏడు రోజుల్లో నెరవేర్చలేని పిల్లవాణ్ణి, వాటిని సవరించడానికి తిరిగి న్యాయమండలి ముందు హాజరుపరచాలని 12వ సెక్షన్ చెబుతుంది. మందలింపు, కౌన్సెలింగ్, సమాజ సేవ, ప్రొబేషన్ వంటి దారులను 18వ సెక్షన్ చూపుతుంది. వీటికి ఆధారం ప్రొబేషన్ అధికారి రెండు వారాల్లో ఇవ్వవలసిన సామాజిక దర్యాప్తు నివేదిక. ఆ అధికారి వాడకు వెళ్లాలి, తల్లితో మాట్లాడాలి, బడి ఎందుకు మానాడో తెలుసుకోవాలి. పోస్టు ఖాళీగా ఉన్నా, ఒక్కరిపైనే జిల్లా భారమంతా మోపినా, ఆ నివేదిక కార్యాలయంలో నింపే కాగితంగా మారుతుంది. అందులో ‘పరిసరాలు మంచివి కావు’ అన్న ఒక్క వాక్యం చాలు, ఒక వాడ మొత్తాన్ని దోషిగా నిలబెట్టడానికి.

ఈ చూపు కొత్తది కాదు. 1871 నాటి నేరస్థ తెగల చట్టం పుట్టుకనే నేరంగా రాసింది. 1897 సవరణ ఆ తెగల పిల్లలను నాలుగేళ్ల వయసు నుంచే తల్లిదండ్రులకు దూరంగా ఉంచే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. తెలుగు నేలపై స్టువర్టుపురం వంటి సెటిల్మెంట్లు ఎరుకల కుటుంబాలకు మిగిల్చిన ముద్ర 1952లో చట్టం రద్దయినా చెరిగిపోలేదు. జైళ్లలో కుల వివక్షను కొట్టివేస్తూ 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు విముక్త జాతులపై నేటికీ ఉన్న ఆ ముద్రను ఎత్తిచూపింది.

మరి, దిద్దుబాటుకు డబ్బెక్కడ? అనాథల సంరక్షణ, దత్తత మొదలుకొని బాల నేరస్థుల గృహాల దాకా దేశమంతటికీ వర్తించే మిషన్ వాత్సల్యకు 2025–26 కేంద్ర బడ్జెట్‌లో దక్కింది 1,500 కోట్ల రూపాయలు. మన రాష్ట్రాల్లో ఖర్చు కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం చొప్పున భరించాలి. ఎవరి వాటా ఆలస్యమైనా ముందుగా దెబ్బతినేది కౌన్సిలర్ జీతం, ఇంటి సందర్శన, గృహం నుంచి బయటకు వచ్చాక అందవలసిన ఆసరా. గోడలు కనిపిస్తాయి కాబట్టి వాటికి నిధులు దొరుకుతాయి. మనుషులు చేసే పని కనిపించదు. ఖాళీలు భర్తీ చేయాలని 2018లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది.

మరో లోటు లెక్కలది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో మైనర్లపై నమోదైన కేసులు 30,555. పట్టుబడిన పిల్లల చదువు, కుటుంబ నేపథ్యం ఆ నివేదికలో ఉంటాయి. కులం మాత్రం ఉండదు. వయోజన ఖైదీల కులాన్ని జైలు గణాంకాలు నమోదు చేస్తున్నప్పుడు పిల్లల విషయంలో ఈ మౌనమెందుకు? 74వ సెక్షన్ కాపాడేది ఒక్కో పిల్లవాడి గుర్తింపును. మొత్తం సంఖ్యలను ప్రకటించడానికి అది అడ్డు కాదు.

బాధితుల మాటేమిటన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే బాధితులు కూడా చాలాసార్లు ఆ వాడల వారే. దారి తప్పిన పిల్లవాణ్ణి మళ్లీ నేరం వైపు పోనివ్వకపోవడం వారికీ రక్షణే.

కనుక ప్రభుత్వాలు చేయవలసినవి స్పష్టం. ప్రతి జిల్లాలో కేసుల సంఖ్యకు తగినంత మంది ప్రొబేషన్ అధికారులను, ప్రయాణ ఖర్చుతో సహా నియమించాలి. 105వ సెక్షన్ అనుమతించే బాలల న్యాయ నిధిని పేరుకు కాక, ఏటా కేటాయింపుతో నడపాలి. వాడల్లోని బడి, యువజన, మహిళా సంఘాలకు పిల్లల బాధ్యతను అప్పగించేటప్పుడు నిధులూ అప్పగించాలి. ఈ ఖర్చును దళిత, గిరిజన ఉపప్రణాళికల పద్దులో రాసి చేతులు దులుపుకోకూడదు. ఆ సొమ్ము ఆ వర్గాల చదువుకు, ఉపాధికి చెందినది. పిల్లలందరికీ న్యాయం సాధారణ బడ్జెట్ బాధ్యత.

పూచీ ఇచ్చేవారు లేని పిల్లవాడికి రాజ్యమే పూచీ పడాలి. లేకపోతే రద్దు చేశామని చెప్పుకుంటున్న 1871 నాటి చట్టం మరో పేరుతో బతికి ఉన్నట్లే.