సంఘం సొమ్ముతో వీడియో కెమెరా కొనే ముందు



2015 నుండి ఆగస్టు 7వ తేదీని జాతీయ చేనేత దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆనాడు మన పనితనమును చూపుటకైతేనేమి, బేరగాండ్రకు పంపుటకైతేనేమి, సంఘమునకొక వీడియో కెమెరా కావలెనను మాట సమావేశములలో తరచు వినబడుచున్నది. కొనవలసినదే. కాని ఎట్టిది కొనవలెనన్నదే ప్రశ్న. ఈ విషయమున మేము పడిన దెబ్బ మరియొక సంఘము పడకూడదని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

కొన్నేండ్ల క్రిందట మా సంఘము ఒక కామ్‌కార్డరు కొన్నది. "ఎన్నో రెట్లు దగ్గరకు లాగును" అని అంగడివాడు చెప్పగా నమ్మితిమి. పడుగు అతుకుటలో మా ఊర అందెవేసిన చేయి అయిన ఒక పెద్దాయనను కూర్చుండబెట్టి పూటంతయు తీసితిమి. తీరా చూడగా గుంటమగ్గము చీకటిలో బొమ్మ మసకబారినది. ఆయన మాటకు బదులు నాడె చప్పుడే వినబడినది. మరల తీయుదమని అనుకొనుచుండగనే ఆయన కాలము చేసిరి. ఆ పనితనము ఇప్పుడు మా వద్ద నల్లని బొమ్మగా మాత్రమే మిగిలినది.

నూలు కొనునప్పుడు మనము చీటీ చూచి ఊరకుందుమా? పోగు తెంచి చూతుము, పురి విప్పి చూతుము. కెమెరాను కూడ అట్లే మగ్గము వద్దకు తెచ్చి పరీక్షింపవలెను. అందుకు నాకు తోచిన పరీక్షలివి:

మొదటిది వెలుతురు. లోపలి సెన్సారు పెద్దదైనకొలది చీకటి గదిలో బొమ్మ తేటగా వచ్చును. దగ్గరకు లాగుటలో కటకములు చేయు ఆప్టికల్ జూమునే లెక్కింపవలెను. డిజిటల్ జూము బొమ్మను సాగదీయుటయే గాని క్రొత్తగా చూపునది లేదు.

రెండవది శబ్దము. వేరుగా మైకు తగిలించుటకు రంధ్రము లేని కెమెరాను మగ్గాల ఇంటికి కొనవద్దు. కాలరుకు పెట్టు చిన్న మైకుతో చెప్పువాని మాట స్పష్టముగా వినబడును.

మూడవది మన బట్ట. సన్నని గళ్లు, చారలు సెన్సారు గళ్లతో కలిసినప్పుడు బట్టలో లేని అలలు బొమ్మలో కనబడును. దీనిని మోయిరే అందురు. మీ చీరనొకటి తీసుకొనిపోయి కొనుటకు ముందే తీసి చూడుడు. రంగు తేడా రాకుండ వైట్ బాలెన్స్‌ను మనము దిద్దుకొను వీలుండవలెను.

నాలుగవది దీపములు. మన దేశమున కరెంటు 50 సైకిళ్లది. షట్టరును సెకనులో 50వ వంతుకుగాని 100వ వంతుకుగాని నిలుపగలిగిన కెమెరా అయినచో ట్యూబులైట్ల క్రింద మినుకులు చాలవరకు తగ్గును.

ఐదవది నిలువ. సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున 4కె తీసినచో గంటకు సుమారు 45 గిగాబైట్లు పట్టును. కార్డుల ఖర్చు, రెండు ప్రతులు దాచుకొను ఖర్చు ముందే లెక్క వేయవలెను. పాత క్యాసెట్టు కెమెరా చవకగా వచ్చినను వలదు.

"ఫోను ఉండగా ఇదెందుకు?" అని యువకులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. చీర చూపుటకు, రెండు నిమిషముల ప్రకటనకు మంచి ఫోను చాలును. దానికొక మూడు కాళ్ల స్టాండు, మైకు చేర్చినచో సగము పని తీరును. కాని పడుగు పోయుట మొదలు అచ్చు కట్టుట వరకు గంటల తరబడి ఆగకుండ తీయవలెనన్నప్పుడు ఫోను వేడెక్కును, చార్జి అయిపోవును. అట్టి పనికే కామ్‌కార్డరు. కావున పెద్దల పనిని భద్రపరచు ఉద్దేశము లేని సంఘము ఆ సొమ్మును నూలుకు పెట్టుకొనుటయే మేలని నా అభిప్రాయము.

కొనదలచినవారు మైకుకు, స్టాండుకు, రెండవ బ్యాటరీకి ముందు సొమ్ము తీసి పక్కన పెట్టి, మిగిలినదానితో కెమెరా చూచుకొనుడు. మేము తలక్రిందులుగా చేసితిమి.

కెమెరా ఈ ఏడు కాకున్న వచ్చే ఏడు కొనవచ్చును. కాని మీ వీధిలోని పెద్ద చేతులు వచ్చే ఏటి వరకు వేచియుండునని ఎవరు చెప్పగలరు? కెమెరా వచ్చువరకు ఇంటి ఫోనుతోనైనను, కిటికీ తెరచి, దగ్గర కూర్చుండి, వారి పనిని నేడే తీసి పెట్టుడు.

ఇట్లు,
ఒక చేనేత సహకార సంఘ కార్యదర్శి