ఊరు మారిపోయిందట, పాపం!

న్యూజెర్సీలో మేముండే చోట నెలకొకసారైనా నాలుగైదు బెజవాడ కుటుంబాలు ఎవరో ఒకరింట్లో కలుస్తూంటాము. భోజనాలవుతాయి. పెరుగన్నంలోకి మాగాయ వస్తుంది. మాగాయతో పాటే ఎవరో ఒకరు తప్పకుండా అనే మాటా వస్తుంది. “ఎన్ని చెప్పండి, మన బెజవాడ పోయిందండీ!”

అంతే, వరస మొదలు. కాలవలు మురికిపట్టిపోయాయని ఒకరు. కొండ ముందు ఫ్లైఓవరు కట్టి అమ్మవారి గుడి అందం చెరిపేశారని మరొకరు. కాళేశ్వరరావు మార్కెట్టులో ఇప్పుడు తెలిసిన మొహం ఒక్కటీ కనపడదని ఇంకొకరు. అందరూ కలిసి నిట్టూర్చాక, ఎవరి కారులో వాళ్ళం, ఎవరి ఇళ్ళకి వాళ్ళం.

ఈ వంతపాటలో పాతికేళ్ళుగా నా గొంతే అందరికంటే పెద్దది. ఇక పాడలేను. ఎందుకో చెబుతాను. చదివాక కోపం వచ్చేవాళ్ళకి రావచ్చు. నా మీద నాకు వచ్చినంత మాత్రం రాదు.

మొన్న సంక్రాంతికి ఊరు వెళ్ళాను. వన్ టౌన్లో శివాలయం వీధికి దగ్గర్లో, ఒక సందులో మా తాతగారు కట్టించిన ఇల్లుంది. రెండు గదులు, నడవా, పెరడు, పైన ఒక గది. నాన్నగారు పోయినప్పటినుంచీ, అంటే పదకొండేళ్ళుగా, దానికి తాళమే. వారసులం నలుగురం. ఇద్దరం అమెరికాలో, ఒకరు సిడ్నీలో, ఒకరు హైదరాబాదులో. అమ్మేద్దామంటే ఒకరికి మనసొప్పదు. అద్దెకిద్దామంటే ఇంకొకరికి భయం. బాగు చేయిద్దామంటే నలుగురికీ బద్ధకం. ఈ మొండితనానికీ భయానికీ బద్ధకానికీ కలిపి మేము పెట్టుకున్న ముచ్చటైన పేరు ‘జ్ఞాపకం’.

తాళం తుప్పు పట్టి చెవి తిరగలేదు. నూనె చుక్కలు వేసి తంటాలు పడుతూంటే పక్కింటి పిన్నిగారు బయటికొచ్చారు. నా చిన్నతనంలో అట్లతద్దినాడు మాకు అట్లు పంచిపెట్టిన మనిషి. కుశలప్రశ్నలయ్యాక చెయ్యి పట్టుకుని తమ పెరట్లోకి తీసుకెళ్ళారు. మా మేడమీద నీళ్ళ గొట్టం ఎప్పుడో విరిగిపోయిందట. ప్రతి వానాకాలం ఆ నీళ్ళన్నీ వాళ్ళ వంటింటి గోడలోకి దిగుతున్నాయి. మా పిట్టగోడలో మొలిచిన రావి మొక్క వేళ్ళు వాళ్ళ గోడని రెండుగా చీల్చాయి. నెర్రె ఎంత వెడల్పంటే, అందులో నా బొటనవేలు పట్టింది.

“ఏం అబ్బాయీ, మీరు అమ్మరు, అద్దెకివ్వరు, బాగు చేయించరు. మీకు గుర్తుగా ఉండడానికి మా గోడ కూలాలా?” అన్నారావిడ. కోపంగా కూడా అనలేదు.

ఆ సందులో తాళం పడిన ఇల్లు మాదొక్కటే కాదు. ఇంకో రెండున్నాయి. వాటి వారసులూ దేశం దాటినవాళ్ళే. చీకటి పడితే ఆ మూడు గుమ్మాల ముందు దీపం ఉండదు, తెల్లవారితే ముగ్గుండదు. ‘మన వీధి కళ తప్పిపోయిందండీ’ అని మాగాయ నంజుకుంటూ నేను దుఃఖించిన వీధి అదే! కళ తప్పించినవాళ్ళలో నేనూ ఒకణ్ణని పదకొండేళ్ళలో ఒక్కసారైనా తోచలేదు.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తు చెయ్యాలి. 2010లో జోయెల్ స్టైన్ అనే ఆయన టైమ్ పత్రికలో ఒక వ్యాసం రాశాడు. ఆయన పెరిగిన ఊరు మా పక్కనున్న ఎడిసన్. తన చిన్ననాటి ఊరు భారతీయులతో నిండిపోయిందనీ, తనెరిగిన సినిమాహాల్లో ఇప్పుడు హిందీ సినిమాలు ఆడుతున్నాయనీ, ఇది తన ఊరులా లేదనీ వెటకారం కలిపి వాపోయాడు. మనవాళ్ళు భగ్గుమన్నారు. ఉత్తరాలు రాశారు, సంతకాలు సేకరించారు. చివరికి పత్రికా, ఆయనా విచారం వెలిబుచ్చవలసి వచ్చింది. సంతకం పెట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ రోజు నా వాదన చాలా స్పష్టంగా ఉండేది. ‘అయ్యా, నువ్వు ఆ ఊరు ఎప్పుడో వదిలి వెళ్ళిపోయావు. ఉంటున్నవాళ్ళం మేము. పన్నులు కట్టేది మేము, మూతబడుతున్న కొట్లని తెరిపించింది మేము. నీ చిన్నతనాన్ని కాపలా కాయడం మా పని కాదు!’

ఎంత చక్కని వాదన! మరి అదే వాదన ఇవాళ గణపతిరావు రోడ్డులో కొట్టు పెట్టుకున్న కుర్రవాడు నాతో అంటే? ‘అయ్యా, నువ్వు ఎప్పుడో వెళ్ళిపోయావు’ అంటే? ఎడిసన్లో ఒక న్యాయమూ, బెజవాడలో మరొక న్యాయమూనా? స్టైన్ చేసిన తప్పే మనం తెలుగులో చేస్తున్నాము. ఆయన అచ్చువేశాడు, మనం భోజనాల దగ్గర చేస్తాము. అంతే తేడా.

అసలు మనం ‘పాతది’ అనుకునేది ఎంత పాతది? కళ్ళు మూసుకుంటే కనపడే ఆ పచ్చటి కృష్ణా డెల్టా సృష్ట్యాదినుంచీ ఉన్నది కాదు. 1832-33లో వచ్చిన డొక్కల కరువు గుంటూరు సీమని తుడిచిపెట్టేసింది. ఆ తరవాత ఇరవై ఏళ్ళకి గానీ ఆనకట్ట పని మొదలు కాలేదు. 1852లో మొదలై, కెప్టెన్ ఓర్ పర్యవేక్షణలో 1855కి పూర్తయింది. ఆ కాలవలు వచ్చాకనే ఈ పచ్చదనం. ఆ ఆనకట్ట 1952లో వరదకి తెగింది. దాని బదులు కట్టిన ప్రకాశం బ్యారేజీ 1957లో పూర్తయింది. నా తరానికి బ్యారేజీ అంటే సనాతనం. మా తాతగారికి అది తన కళ్ళముందు లేచిన కొత్త కట్టడం. ఆయన ఆనకట్ట కోసం నిట్టూరుస్తూ కూర్చోలేదు. బ్యారేజీ మీద నడిచి సీతానగరం వెళ్ళొచ్చారు.

ఫ్లైఓవరు సంగతీ అంతే. 2020 అక్టోబరులో అది తెరుచుకునేదాకా దుర్గ గుడి మలుపు దగ్గర గంటల తరబడి ఇరుక్కుపోయినవాళ్ళెవరు? లారీలవాళ్ళు, బస్సుల్లో నిలబడ్డవాళ్ళు, ఆసుపత్రికి బయలుదేరినవాళ్ళు. మనం కాదు. మనం మూడేళ్ళకొకసారి వచ్చి, దర్శనం చేసుకుని, ఒక ఫొటో తీసుకుని వెళ్ళేవాళ్ళం. ఆ ఫొటోకి అడ్డొచ్చిందనే కదా మన బాధ!

మన జ్ఞాపకాల్లో ఇంకొక పెద్ద లోపముంది. అందులో సగం ఊరు లేదు. పంజా సెంటర్లో టీ ఉంటుంది, వించిపేట కొండవాలు మీద మెట్లు మెట్లుగా కట్టుకున్న ఇళ్ళుండవు. బట్టల కొట్టుంటుంది, ఆ బేళ్ళు వీపున మోసిన ముఠా కూలీ ఉండడు. వాళ్ళలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం వైపునుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చినవాళ్ళు. రాజస్థాన్ నుంచి వచ్చి తరాలుగా ఇక్కడ వ్యాపారం చేస్తున్న మార్వాడీలున్నారు. వాళ్ళూ ప్రవాసులే. కన్న ఊరు వదిలి వచ్చినవాళ్ళే. వాళ్ళ ఊరి మీద వాళ్ళకీ బెంగ ఉండదా? ఉంటుంది. కానీ ఆ బెంగకి సభలు లేవు, సావనీర్లు లేవు. విమానమెక్కినవాడి బెంగ సాహిత్యమవుతుంది, రైలెక్కినవాడి బెంగ అలసటవుతుంది.

2024 సెప్టెంబరు వరదల్ని తలుచుకోండి. బుడమేరు గట్లు తెగి సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట వంటి చోట్ల జనం రోజుల తరబడి నీళ్ళలో ఉన్నారు. బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదయింది. బ్యారేజీ కట్టాక అంత నీరు ఎన్నడూ రాలేదు. దానికి ముందే మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి ఇళ్ళలోనివాళ్ళ ప్రాణాలు పోయాయి. ఇక్కడ మేమూ నిద్రపోలేదు, నిజమే. చందాలు పోగుచేశాము, పంపాము. అది మంచి పనే, కాదనను. కానీ నీళ్ళు తీసిన నెల రోజులకే మా కూడికలో మాట మళ్ళీ ప్లాట్ల ధరల మీదికి వెళ్ళింది. బుడమేరు పారవలసిన దారులు ఎట్లా ఇరుకయ్యాయి, పల్లపు నేలల్లో వెంచర్లు ఎట్లా లేచాయి, వాటిలో ఫోను మీదే ప్లాటు కొన్నవాళ్ళలో మనవాళ్ళెంతమంది? ఈ ప్రశ్న ఎవరూ వెయ్యలేదు. నేనూ వెయ్యలేదు. ఊరు మారిపోయిందని ఏడ్చేదీ మనమే, మార్చడానికి డబ్బు పంపేదీ మనమేనా!

‘అయితే ఊరిని తలుచుకోవడమే తప్పంటారా?’ అని అడుగుతారు. కాదు. తలుచుకోండి, కలలు కనండి. పిల్లలకి చెప్పండి. తుమ్మలపల్లి వారి కళాక్షేత్రంలో చూసిన నాటకం గురించీ, గాంధీ కొండ ఎక్కిన సాయంత్రం గురించీ చెప్పండి. జ్ఞాపకం మన సొంతం, దాని జోలికెవరూ రారు. కానీ జ్ఞాపకం దస్తావేజు కాదు. దాన్ని చూపించి, నా కోసం ఊరు ఉన్నచోటే ఆగాలనే హక్కు ఎవరికీ రాదు.

మారినదంతా మంచిదనీ నేననను. కాలవల్లో మురుగు కలవడం మంచిది కాదు. కొండల్ని తొలిచెయ్యడం మంచిది కాదు. కానీ వాటి మీద పోట్లాడుతున్నవాళ్ళు అక్కడే ఉన్నారు. ఆ కాలవ పక్కన దోమల్లో పడుకునేది వాళ్ళు. వాళ్ళు ‘ఊరు పాడైంది’ అంటే అది ఫిర్యాదు. దానికొక అర్జీ ఉంటుంది, ఒక ధర్నా ఉంటుంది, ఒక ఓటుంటుంది. మనమంటే అది కాలక్షేపం. పోట్లాడేవాళ్ళ పక్కన నిలబడాలనుంటే నిలబడవచ్చు. ముందు వాళ్ళని అడగాలి, ఏం కావాలని. మనకేం గుర్తుందని కాదు.

ఇంతకీ నేనేం చేశాను? గొప్పగా ఏమీ లేదు. తాపీమేస్త్రిని పిలిపించి గొట్టం మార్పించాను. రావి మొక్కని వేళ్ళతో సహా తీయించాను. పిన్నిగారి గోడ నెర్రె పూడ్పించి సున్నం వేయించాను. నలుగురు వారసులం ఫోనులో మాట్లాడుకున్నాము. ముగ్గురం అద్దెకివ్వడానికి ఒప్పుకున్నాము, నాలుగోవారు ఇంకా ఆలోచిస్తున్నారు. ఈలోగా తాళంచెవి పిన్నిగారి దగ్గరే ఉంచాను. “రోజూ తలుపులు తీసి ఊడ్పిస్తాలే, కానీ కరెంటు బిల్లు నువ్వే కట్టుకో అబ్బాయీ” అన్నారు. కడుతున్నాను.

గత నెల కూడికలో మాగాయ వచ్చింది, ఆ మాటా వచ్చింది. “మన బెజవాడ పోయిందండీ!” ఈసారి నేను వంత పాడలేదు. “మీ ఇల్లు ఏ వీధిలో ఉందండీ? తాళం ఎవరి దగ్గరుంది?” అని అడిగాను. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

మిమ్మల్నీ అదే అడుగుతున్నాను.