దిబ్బరొట్టె పొంగలేదా? సోడా డబ్బా తియ్యకండి!

గోదావరి జిల్లాల్లో దిబ్బరొట్టె ఎరగని ఇల్లుండదు. మూకుట్లో నూనె వేసి, మినపపిండి రెండు వేళ్ళ మందాన పోసి, మూతపెట్టి సన్నని సెగమీద కాలిస్తే, పైన ఎర్రగా కరకరలాడుతూ లోపల దూదిలా మెత్తగా రావాలి. కొబ్బరి పచ్చడితో తిన్నా, చెరకు పానకంలో ముంచుకు తిన్నా ఆ రుచే వేరు. కానీ ఈ రొట్టె ఒకరోజు కుదిరినట్లు మరొకరోజు కుదరదు. ఒకనాడు రాయిలా బిగుస్తుంది. ఒకనాడు పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. ఇంకొకనాడు నోట పెట్టలేనంత పులుపు. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే. మర్నాడు పిండిలో ఇంత వంటసోడా పడేస్తారు. రొట్టె పొంగుతుంది, ఇంటిల్లిపాదీ మెచ్చుకుంటారు.

వంట సంగతి ఆరోగ్య శీర్షికలో ఎందుకని మీరడగవచ్చు. ఆ సోడా కోసమే. ఆ రొట్టె తినేవారిలో రక్తపు పోటుకు మందు వాడుతున్న తాతగారుండవచ్చు. గుండె జబ్బుతో ఉప్పు తగ్గించిన నాయనమ్మగారుండవచ్చు. కూరలో ఉప్పు తగ్గించి, రొట్టెలో సోడా పెంచితే ఏం లాభం?

సోడాలో ఏముంది?

ఉప్పులో మనకు హాని చేసేది సోడియం. వంటసోడాలోనూ ఉన్నది అదే. నిండు టీ చెంచా సోడాలో 1200 మిల్లీగ్రాములకు పైగా సోడియం ఉంటుంది. పెద్దవారు రోజు మొత్తంమీద 2000 మిల్లీగ్రాముల సోడియం, అంటే దాదాపు 5 గ్రాముల ఉప్పు, దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. సోడా నాలుకకు ఉప్పగా తగలదు కాబట్టి ఎంత తిన్నామో తెలియదు. దానికి తోడు రొట్టెలో ఉప్పు, పక్కన ఆవకాయ. ఆరోగ్యంగా ఉన్నవారికి ఎప్పుడో ఒక చిటికెడు సోడావల్ల ప్రమాదమేమీ లేదు. కాని చిటికెడు కాస్తా అరచెంచా కావడానికి ఎంతోకాలం పట్టదు. సోడాకు బదులు ఫ్రూట్ సాల్టు వేస్తున్నామని కొందరు ధైర్యంగా చెబుతారు. అందులోనూ ఉన్నది సోడాయే!

రెండవ నష్టం విటమినుకు సంబంధించినది. మినపపప్పులో థయమిన్, అంటే బి-1 విటమిను, బాగా ఉంటుంది. పిండిలో సోడా ఎక్కువై క్షారగుణం వచ్చినప్పుడు వేడి తగిలితే ఈ విటమిను చాలావరకు నశిస్తుంది. మన ప్రాంతంవారు ఈ మాట తేలిగ్గా తీసుకోకూడదు. ఒకప్పుడు ఉత్తర సర్కారు జిల్లాల్లో, మిల్లులో తెల్లగా పాలిష్ పట్టిన బియ్యం తినేవారిలో, బెరిబెరి జబ్బు పాతుకుని ఉండేది. కాళ్ళు తిమ్మిరెక్కడం, నీరు పట్టడం, గుండె బలహీనపడడం దాని లక్షణాలు. ఈనాడు హైదరాబాదులో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ పుట్టుకే ఈ జబ్బుతో ముడిపడి ఉన్నది. 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ ఒకే ఒక గదిలో బెరిబెరి పరిశోధనగా దాన్ని మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ జబ్బు అరుదు. అయినా తెల్లన్నం తినే ఇంట్లో మినపపప్పులోని విటమినును చేజేతులా పోగొట్టుకోవడం దేనికి?

రొట్టె ఎందుకు పొంగుతుంది?

పప్పుమీద, నూకమీద కంటికి కనిపించని సూక్ష్మజీవులు సహజంగానే ఉంటాయి. వాటిలో ల్యూకనాస్టాక్ అనే జాతి ముఖ్యమైనది. పిండి నానగానే ఇవి పెరిగి, పులుపునూ, బొగ్గుపులుసు వాయువునూ తయారుచేస్తాయి. మినపపప్పులో ఉండే జిగురూ, మాంసకృత్తులూ ఆ వాయువును బుడగలుగా పట్టి ఉంచుతాయి. ఇదే రొట్టెలోని మెత్తదనం. పులియడంవల్ల పిండి తేలికగా అరుగుతుంది, అందులోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. సోడా ఇచ్చేది వాయువు ఒక్కటే, ఈ మేలు ఇవ్వదు.

లోపం ఎక్కడున్నది?

రొట్టె రాయిలా ఉంటే: ముందు పప్పును అనుమానించండి. ఏడాది దాటిన పాత పప్పుకు జిగురు తగ్గుతుంది. ఒక గ్లాసు పప్పుకు రెండు గ్లాసులకు మించి నూక వేయకండి. పప్పు నాలుగైదు గంటలు నానాలి. నూకను విడిగా నానబెట్టి, కడిగి, నీళ్ళు గట్టిగా పిండి కలపాలి. పప్పు రుబ్బేటప్పుడు నీళ్ళు కొద్దికొద్దిగా చిలకరించండి. గ్లాసుడు నీళ్ళలో చిన్న పిండిముద్ద వేసి చూడండి. తేలితే రుబ్బు సరిపోయింది, మునిగితే ఇంకా రుబ్బాలి. రోటిలోనూ గ్రైండరులోనూ పిండి చల్లగా నలుగుతుంది. మిక్సీలో వేడెక్కుతుంది. మిక్సీయే గతి అయితే చల్లని నీళ్ళు వాడి, మధ్యమధ్య ఆపుతూ తిప్పండి.

పిండి పులియకపోతే: ఇది ధనుర్మాసంలో వచ్చే చిక్కు. సూక్ష్మజీవులకు 28 నుంచి 32 డిగ్రీల వెచ్చదనం కావాలి. గిన్నెకు పాత దుప్పటి చుట్టండి, లేదా గోరువెచ్చని నీళ్ళు పోసిన పళ్ళెంలో పెట్టండి. ఎనిమిది గంటలు చాలనిచోట పన్నెండు గంటలు ఆగండి. ఉప్పు ఎక్కువైతే పులియడం మందగిస్తుంది కాబట్టి చలికాలంలో ఉప్పు ఉదయం కలపండి. చలిదేశాల్లో ఉన్న మీ పిల్లలు ఓవెన్ వెలిగించకుండా, అందులోని దీపం మాత్రం వేసి, గిన్నె లోపల పెడితే చాలు. బ్రెడ్డు చేసే కరెంటు యంత్రం కొనుక్కున్నవారికీ ఇదే సూత్రం. అక్కడ ల్యూకనాస్టాక్‌కు బదులు ఈస్టు, మినప జిగురుకు బదులు గోధుమ జిగురు. కొలత, వెచ్చదనం, వ్యవధి తప్పితే ఆ రొట్టే బిగుస్తుంది.

బాగా పుల్లగా ఉండి, మధ్యలో గుంటపడితే: పిండి మరీ పులిసిపోయింది, లేదా పలచనైంది. రోహిణి కార్తెలో రాజమండ్రి ఎండకు నాలుగైదు గంటలు చాలు. పిండి పొంగగానే ఫ్రిజ్‌లో పెట్టి, మూడు నాలుగు రోజుల్లో వాడేయండి. కడుపులో మంట, పుల్లని త్రేన్పులు ఉన్నవారికి ఇలా పులిసిన పిండి పడదు.

పైన మాడి, లోపల పచ్చిగా ఉంటే: ఇది సెగ చేసిన తప్పు. ఉడకని పిండిపదార్థం సరిగా అరగదు. కడుపు ఉబ్బరమూ, పిల్లలకు కడుపునొప్పీ దీనివల్లనే. అడుగు మందంగా ఉన్న ఇనుప మూకుడు తీసుకోండి. మూతపెట్టి సన్నని సెగమీద ఇరవై, ఇరవైఐదు నిమిషాలు ఉంచి, తిరగవేసి మరో పది నిమిషాలు కాల్చండి. మధ్యలో పుల్ల గుచ్చితే పిండి అంటకుండా రావాలి.

ఏ పిండి పారవేయాలి?

పిండిమీద గులాబీ, నలుపు, పచ్చ రంగు మచ్చలు కనిపించినా, కుళ్ళు వాసన వచ్చినా పైపైన తీసేసి వాడకండి. మొత్తం పారవేయండి. వానాకాలంలో పప్పు, నూక బూజుపట్టితే కడిగి ఎండబెట్టినా పనికిరావు. కొన్ని బూజులు తయారుచేసే అఫ్లటాక్సిన్ అనే విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది. పొయ్యిమీది వేడికి అది పోదు. గిద్దెడు పప్పు పోతుందని బాధపడవద్దు.

ఎవరెంత తినాలి?

రక్తపు పోటు, గుండె జబ్బు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారు సోడా లేని రొట్టె తినాలి. పిండిలో ఉప్పు సగానికి తగ్గించి, ఆవకాయకు బదులు ఉప్పు తక్కువగా వేసిన కొబ్బరి పచ్చడి వేసుకోవాలి. మధుమేహం ఉన్నవారికి పానకం వద్దు. రొట్టె కూడా చిన్న ముక్కతో సరిపెట్టుకుని, పక్కన కూరగాయలో, మజ్జిగో తీసుకోవాలి. జ్వరం తగ్గి పథ్యం తింటున్నవారికి నూనెలో కాలిన రొట్టె బరువు. అదే పిండిని ఇడ్లీగా ఆవిరిమీద ఉడికించి పెట్టండి.

ఈ జాగ్రత్తలన్నీ తీసుకున్నా ఒక్కోనాడు రొట్టె పొంగకపోవచ్చు. ఆనాడు ఆ పిండిని పలచగా అట్లు పోసుకోండి. సోడా డబ్బాను మాత్రం అలమరలో పై అరమీదే ఉండనివ్వండి.