పదహారో సెకనులో సమాధానం వస్తే?

యూపీఐ చెల్లింపుల్లో సర్వర్లు సమాధానం ఇవ్వాల్సిన గడువును ఎన్‌పీసీఐ 2025 జూన్ 16 నుంచి 30 సెకన్ల నుంచి 15 సెకన్లకు కుదించింది. లావాదేవీ స్థితిని తెలిపే గడువు 10 సెకన్లకు తగ్గింది. వినియోగదారుకు ఇది శుభవార్తే. అయితే ఇది బ్యాంకులకు, ఎన్‌పీసీఐకి మధ్య నడిచే గడియారం. చేతిలోని ఫోన్‌కు సిగ్నల్ అందకపోవడం వేరే సమస్య.

సమాధానం పదహారో సెకనులో వస్తే చిక్కు మొదలవుతుంది. ఖాతాలో సొమ్ము తగ్గుతుంది, దుకాణదారుకు నిర్ధారణ అందదు. వెనక జనం నిలబడి ఉండగా కొనుగోలుదారు మరోసారి చెల్లిస్తారు. ఇలాంటి సొమ్మును అయిదు రోజుల్లోగా తిరిగి జమ చేయాలని, ఆపై ఆలస్యమైతే రోజుకు రూ.100 పరిహారం చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులోనే ఆదేశించింది. దినకూలీపై నడిచే ఇంటికి ఆ అయిదు రోజులే ఎక్కువ.

ఇలాంటి జాప్యం దానంతట అది ఎదురయ్యేదాకా ఆగనక్కర్లేదు, కంప్యూటర్‌లో కృత్రిమంగా సృష్టించవచ్చు. లినక్స్ కెర్నల్‌లోని ‘నెట్‌ఎమ్’ అందుకే ఉంది, అదీ ఉచితంగా. ‘టీసీ’ ఆదేశంతో వంద మిల్లీసెకన్లు అని నిర్దేశిస్తే, బయటకు వెళ్లే ప్రతి ప్యాకెట్‌నూ అంతసేపు ఆపి వదులుతుంది. లోపలికి వచ్చే ప్యాకెట్లకు వేరే ఏర్పాటు కావాలి. ఈ తేడా మరిచి ‘పరీక్ష పూర్తయింది’ అని సంతకం చేస్తే ఒక దిశను మాత్రమే చూసినట్లు. స్థిరమైన జాప్యమూ చాలదు. నిజమైన నెట్‌వర్క్ ఒకసారి 40, మరోసారి 400 మిల్లీసెకన్లు తీసుకోవచ్చు. కొన్ని ప్యాకెట్లు దారిలోనే పోతాయి, కొన్ని వరుస తప్పి చేరతాయి. నెట్‌ఎమ్ వీటన్నింటినీ అనుకరించగలదు.

ఎక్కువ వేగపు కనెక్షన్ తీసుకుంటే జాప్యం పోతుందన్నది అపోహ. సుమారు 36 వేల కిలోమీటర్ల ఎత్తులోని భూస్థిర ఉపగ్రహం మీదుగా ప్రశ్న వెళ్లి జవాబు రావడానికి దాదాపు అర సెకను పడుతుంది. సురక్షిత కనెక్షన్ కుదిరి తొలి సమాచారం అందడానికి సాధారణంగా కనీసం మూడు రాకపోకలు కావాలి. అంటే తెరపై మొదటి అక్షరం పడేలోపే ఒకటిన్నర సెకను గడుస్తుంది. చెన్నై నుంచి సుమారు 2,300 కిలోమీటర్ల సముద్రగర్భ కేబుల్ 2020 ఆగస్టులో ప్రారంభమయ్యేదాకా అండమాన్ నికోబార్ దీవులు ఉపగ్రహాలపైనే ఆధారపడ్డాయి.

భారత్ వంటి దేశాల వినియోగదారుల ఇబ్బంది అర్థం కావాలని ఫేస్‌బుక్ 2015లో మంగళవారాల్లో తన ఉద్యోగులకు గంటసేపు 2జీ వేగాన్ని రుచి చూపించింది. నెట్‌వర్క్ లోపాలను అనుకరించే తన ఉపకరణాన్ని అదే ఏడాది అందరికీ విడుదల చేసింది.

చెల్లింపు యాప్‌లనూ, ప్రభుత్వ సేవల యాప్‌లనూ ఆమోదించే అధికారులు పరీక్షా నివేదికలో రెండు వివరాలు అడగాలి. ఎంత జాప్యంతో, ఎన్ని ప్యాకెట్లు పోయేలా పరీక్షించారన్నది ఒకటి. గడువు దాటాక యాప్ పాత లావాదేవీ సంఖ్యతోనే మళ్లీ ప్రయత్నించిందా, కొత్త చెల్లింపు మొదలుపెట్టిందా అన్నది రెండోది.