సంభాషణా యంత్రం – మన ఖాతా

నేడు మన విద్యార్థులలో అనేకులు తమ సందేహాలను గురువుల కంటే ముందుగా చాట్‌బాట్ అనే సంభాషణా యంత్రాన్ని అడుగుతున్నారు. అది తెలుగులోనూ ఉర్దూలోనూ బదులిస్తుంది. నిన్నటి మాటను నేడు గుర్తుచేస్తుంది. అందుచేత మనలను ఎరిగిన ఆప్తునివలె తోస్తుంది. ఈ ఎరుక ఎటువంటిదో విచారించడం మన కర్తవ్యం.

1966లో అమెరికాలో ఆచార్య జోసెఫ్ వైజెన్‌బామ్ 'ఎలైజా' అనే సంభాషణా ప్రోగ్రాంను ప్రకటించారు. అది మనిషి మాటలనే ప్రశ్నలుగా తిప్పి అడిగేది. దాని నిర్మాణాన్ని నెలల తరబడి కళ్లారా చూచిన కార్యదర్శియే, దానితో మాట్లాడుతూ తనను గది విడిచి వెళ్లమని కోరిందని ఆయన తరువాత వ్రాశారు. ఏమీ ఎరుగని యంత్రానికే మనిషి మనసు విప్పితే, అన్నీ వ్రాసిపెట్టుకొనే యంత్రం ముందు ఎంత జాగ్రత్త అవసరం!

సాధారణంగా నేటి యంత్రం ఎరిగేది మనిషిని కాదు, ఖాతాను. మనమిచ్చిన ఫోను నంబరు, ఈమెయిలు, లేదా బ్రౌజరులో దాచిన కుకీ అనే చిన్న గుర్తు – ఇవే దానికి ఆనవాళ్లు. ప్రశ్న అడిగిన ప్రతిసారీ ఆ సంభాషణలోని పూర్వపు మాటలు దానికి తిరిగి అందుతాయి. కనుకనే మాట తెగదు. 2024లో చాట్‌జీపీటీకి వచ్చిన 'మెమరీ' అనే ఏర్పాటు మన విషయాలను విడిగా వ్రాసి ఉంచి, తరువాతి సంభాషణలలోనూ వాడుతుంది. దానిని ఆపివేసే వీలు కూడా ఉన్నది. అన్నాచెల్లెళ్లు ఒకే ఖాతా వాడితే ఇద్దరి మాటలూ ఒకరి పేరనే జమ అవుతాయి.

చెరిపితే పోతుందనే ధీమా కూడా తగదు. 2025 మే నెలలో, న్యూయార్క్ టైమ్స్ పత్రిక వేసిన దావాలో, వాడుకదారులు తొలగించిన సంభాషణలను సైతం భద్రపరచమని అమెరికా న్యాయస్థానం ఓపెన్‌ఏఐ సంస్థను ఆదేశించింది. ఆ బాధ్యత సెప్టెంబరు వరకు కొనసాగింది.

మన దేశంలో 2017 ఆగస్టు 24న సర్వోన్నత న్యాయస్థానపు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వచ్చింది. చట్టం మేలే, అయినా మన మాటకు మొదటి కావలి మనమే.

ఫీజు కట్టలేని బాధను కార్యాలయంలో చెప్పుకొనుటకు సిగ్గుపడే పేద విద్యార్థికి ఈ యంత్రం ఒక ఆసరా కావచ్చు. దానిని మేము కాదనము. అయితే ఆధార్ సంఖ్యను, ఇంటి గుట్టును, స్నేహితుల రహస్యాలను దానికి అప్పగించవద్దని విద్యార్థి సోదరీసోదరులకు మా మనవి. ప్రవేశాలకో ఉపకార వేతనాలకో ఇటువంటి యంత్రాన్ని పెట్టదలచినచో, అది ఏమి వ్రాసుకొంటుందో, ఎంతకాలం ఉంచుతుందో, ఎవరు చూడగలరో ముందుగా ఉర్దూ, తెలుగు రెండింటిలోనూ నోటీసు బోర్డుపై ప్రకటించవలెనని కళాశాల కార్యవర్గానికి మా విన్నపం. ఖాతా అనే మాట మన రెండు భాషలకూ ఉమ్మడిదే. ఆ ఖాతాలో తన పేర ఏమి చేరుతున్నదో తెలుసుకొనే హక్కు ప్రతి విద్యార్థికీ ఉన్నది.